కెనడాలో వ్యాపారం చేస్తున్నారా? మూలవాసులతో సయోధ్య మీ లెక్కల పుస్తకం నుంచి మొదలుపెట్టండి

సెప్టెంబర్ చివరి వారం వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఇక్కడ చిన్న వ్యాపారాలు నడుపుకుంటున్న మనవాళ్లు, ఆఫీసుల్లో టీములు చూసుకుంటున్నవాళ్లు అడిగేది దాదాపు ఒకటే: "30వ తారీఖున అందరం ఆరెంజ్ షర్టులు వేసుకోవాలట, ఎక్కడ దొరుకుతాయి?"

అడిగినందుకు సంతోషిస్తాను. ఆ షర్టు కథ తెలుసా అని తిరిగి అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. 1973లో ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆరేళ్ల పాప బ్రిటిష్ కొలంబియాలోని విలియమ్స్ లేక్ దగ్గర ఉన్న రెసిడెన్షియల్ స్కూలుకి, అంటే మూలవాసుల పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి ఉంచిన బడికి, వెళ్లింది. అమ్మమ్మ కొనిచ్చిన కొత్త ఆరెంజ్ చొక్కా వేసుకుని వెళ్లింది. మొదటి రోజే స్కూలు వాళ్లు ఆ చొక్కా విప్పించి తీసేసుకున్నారు, మళ్లీ ఇవ్వలేదు. ఆమె ఆ కథ చెప్పుకున్న తర్వాతే 2013లో ఆరెంజ్ షర్ట్ డే మొదలైంది. 2021 నుంచి సెప్టెంబర్ 30 ఫెడరల్ సెలవు దినం కూడా అయింది. ఆ రోజు పేరు జాతీయ సత్య, సయోధ్య దినం. ఆ పేరులో సత్యం ముందుంది, సయోధ్య తర్వాత వస్తుంది. ఈ గైడ్‌లో అడుగులు కూడా ఆ వరసలోనే ఉంటాయి.

వ్యాపారాలు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదని అనుకోకండి. రెసిడెన్షియల్ స్కూళ్ల మీద విచారణ జరిపిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ 2015లో 94 పిలుపులు ఇచ్చింది. వాటిలో 92వది పూర్తిగా కంపెనీల కోసమే రాసినది. అందులో మూడు విషయాలున్నాయి. మూలవాసుల భూమి మీద పని మొదలుపెట్టే ముందు వాళ్లకు అన్నీ తెలియజేసి, ఒత్తిడి లేకుండా సమ్మతి తీసుకోవాలి. ఉద్యోగాలు, శిక్షణ వాళ్లకు సమానంగా అందాలి, వచ్చే లాభం వాళ్ల సమాజాల్లో చాలాకాలం నిలవాలి. మేనేజర్లు, సిబ్బంది ఈ చరిత్ర నేర్చుకోవాలి. చదవడానికి పది నిమిషాలు కూడా పట్టదు. ఈ రోజే చదవండి.

మొదటి అడుగు: పేర్లు సరిగ్గా పలకండి

కెనడా రాజ్యాంగం గుర్తించిన మూలవాసులు మూడు రకాలు: ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ. 2021 జనాభా లెక్కల ప్రకారం వాళ్లు 18 లక్షల మంది, దేశ జనాభాలో 5 శాతం. ఫస్ట్ నేషన్స్ అంటే ఒక్క జాతి అని పొరబడకండి. 600 పైగా ఫస్ట్ నేషన్స్ ఉన్నాయి. మూలవాసుల భాషలు 70కి పైనే. ఒక హైడా వ్యక్తికీ ఒక క్రీ వ్యక్తికీ భాష, తిండి, పాలన, చరిత్ర అన్నీ వేరు. కాబట్టి మాట్లాడే వ్యక్తి ఏ నేషన్‌కు చెందినవారో తెలుసుకుని ఆ పేరే వాడండి.

మనకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. ఇక్కడి చట్టంలో "ఇండియన్" అనే మాట మన గురించి కాదు. ఇండియన్ యాక్ట్ అనే చట్టం 1876 నుంచీ ఫస్ట్ నేషన్స్ ప్రజల జీవితాలను శాసిస్తూ వచ్చింది. ఆ పేరు చట్టంలో ఇప్పటికీ ఉంది, కానీ బయటివాళ్లు ఆ మాట వాడితే చాలామందికి బాధ కలుగుతుంది. మీరు ఫోన్లో మాట్లాడుతూ మనవాళ్లను ఉద్దేశించి "ఇండియన్స్" అంటే పక్కనున్న సహోద్యోగికి అది ఎలా వినిపిస్తుందో ఒకసారి ఆలోచించండి. భారతీయులు, సౌత్ ఏషియన్స్ అనడం అలవాటు చేసుకుంటే సరిపోతుంది.

రెండో అడుగు: మీ షాపు ఎవరి నేల మీద ఉందో కనుక్కోండి

మీ అడ్రసు కొడితే అది ఏ నేషన్ సంప్రదాయ భూభాగమో, ఏ ఒప్పందం కింద ఉందో చూపించే ఆన్‌లైన్ మ్యాప్‌లు ఉన్నాయి. నేటివ్ ల్యాండ్ డిజిటల్ వాళ్ల మ్యాప్ మొదలుపెట్టడానికి బాగుంటుంది. అయితే అక్కడే ఆగిపోవద్దు. హద్దుల విషయంలో ఆ నేషన్ సొంత వెబ్‌సైట్ ఏం చెబుతోందో దాన్నే నమ్మండి.

ఒప్పందం అనే మాటకు అర్థం అన్నిచోట్లా ఒకటి కాదు. ఎడ్మంటన్ 1876 నాటి ట్రీటీ 6 నేల, కాల్గరీ 1877 నాటి ట్రీటీ 7 నేల. వాంకూవర్ మస్క్వియమ్, స్క్వామిష్, స్లేవాటూత్ నేషన్స్ భూమి. దాన్ని వాళ్లు ఏ ఒప్పందంలోనూ వదులుకోలేదు. ఒట్టావా కూడా అలాగే అల్గాంక్విన్ ప్రజలు వదులుకోని నేల. సంతకాలు ఉన్నచోట కూడా రెండు పక్షాలూ ఒకే మాట అనుకోలేదు. భూమి తమకు రాసిచ్చేశారని ప్రభుత్వం అంటుంది, కలిసి పంచుకోవడానికి ఒప్పుకున్నామని చాలా నేషన్స్ పెద్దలు చెబుతారు.

టొరంటో సంగతి నన్ను చాలాకాలం వెంటాడింది. ఇప్పుడు ఆ నగరం ఉన్న భూమిని 1805లో బ్రిటిష్ ప్రభుత్వం మిసిసాగాస్ దగ్గర 10 షిల్లింగులకు తీసుకున్నట్టు కాగితం రాసుకుంది. ఆ అన్యాయం మీద మిసిసాగాస్ ఆఫ్ ది క్రెడిట్ ఫస్ట్ నేషన్ పట్టు వదలకుండా పోరాడింది. చివరకు 2010లో, మరో భూవివాదంతో కలిపి, 14.5 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పందం కుదిరింది. ఆ ఊళ్లో మనం నెలనెలా కట్టే అద్దె తలచుకుంటే 10 షిల్లింగులు అనే మాట ఎంత బరువైనదో తెలుస్తుంది.

మూడో అడుగు: వ్యాపారమే చేయనివ్వని చరిత్ర చదవండి

ఈ అడుగు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగమని అడుగుతున్నాను. ఎందుకంటే మన మధ్య ఒక మాట తరచుగా వింటాను: "ఇంత భూమి ఉంది, ఇన్ని సబ్సిడీలు ఉన్నాయి, వాళ్లు వ్యాపారాల్లోకి ఎందుకు రారు?" మనం కష్టపడి పైకొచ్చాం కాబట్టి ఎవరైనా రావచ్చు అనే నమ్మకం ఆ మాట వెనక ఉంటుంది. చరిత్ర చదివితే ఆ ప్రశ్న అడగడానికి నోరు రాదు.

1881లో ఇండియన్ యాక్ట్‌కు చేసిన సవరణతో ప్రెయిరీ మైదాన ప్రాంతంలో రిజర్వ్ (ఫస్ట్ నేషన్స్‌కు కేటాయించిన నేల) మీద ఉండే రైతు తన పంట అమ్ముకోవాలన్నా ప్రభుత్వ ఏజెంటు పర్మిట్ ఇవ్వాల్సి వచ్చింది. పండించింది తనే, గింజ తనదే, కానీ అమ్మే హక్కు తనది కాదు. 1885 తర్వాత రిజర్వ్ దాటి బయటికి వెళ్లాలన్నా పాస్ కావాలన్నారు. దానికి చట్టం అనేదే లేదు, అయినా దశాబ్దాల పాటు అమలు చేశారు. 1889 నుంచి 1897 వరకు నడిచిన ఇంకో విధానంలో చిన్న చిన్న కమతాలు ఇచ్చి, యంత్రాలు వాడకుండా చేతి పనిముట్లతోనే సాగు చేయాలన్నారు. పక్క పొలంలోని వలస రైతు యంత్రంతో కోత కోస్తుంటే వీళ్లు కొడవళ్లతో కోయాలి. వీళ్లు బాగా పండిస్తే తమకు పోటీ అవుతారని ఆ వలస రైతులు ఫిర్యాదులు కూడా చేశారు.

పశ్చిమ తీరంలో పాట్లాచ్ అనే వేడుక ఉండేది. సంపదను నలుగురికీ పంచడం, పెళ్లిళ్లు, వారసత్వాలు, హక్కులు అందరి ముందూ ప్రకటించడం అందులో జరిగేవి. ఒక్క మాటలో చెప్పాలంటే వాళ్ల ఆర్థిక వ్యవస్థ, న్యాయ వ్యవస్థ రెండూ ఆ వేడుకలోనే ఉన్నాయి. 1885 నుంచి 1951 వరకు అది నేరం. 1927 నుంచి 1951 వరకు అయితే భూమి కోసం కోర్టుకు వెళ్లడానికి చందాలు పోగుచేయడం, లాయరును పెట్టుకోవడం కూడా ప్రభుత్వ అనుమతి లేకుండా చేయకూడదన్నారు. ఇండియన్ యాక్ట్ కింద ఉన్న హోదా వదులుకోకుండా ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేసే హక్కు అందరికీ 1960లో గానీ రాలేదు.

ఇవన్నీ జరుగుతున్న కాలంలోనే 1,50,000కు పైగా పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. వేలమంది పిల్లలు తిరిగి ఇంటికి రాలేదు. చివరి స్కూలు మూతపడింది 1990ల చివర్లో. అంటే మీ ఆఫీసులో నలభైల్లో ఉన్న సహోద్యోగి తల్లిదండ్రులు, ఒక్కోసారి ఆ సహోద్యోగి కూడా అక్కడ చదివి ఉండొచ్చు. 2008లో ప్రధానమంత్రి స్టీఫెన్ హార్పర్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

ఈ చరిత్ర మీ సిబ్బందికి చెప్పాలనుకుంటే గంట వీడియో పెట్టి చేతులు దులుపుకోవద్దు. మూలవాసులు నడిపే శిక్షణ సంస్థలు ఉన్నాయి, వాళ్లకు డబ్బు చెల్లించి పిలవండి. అల్బెర్టా యూనివర్సిటీ వాళ్ల "ఇండిజినస్ కెనడా" అనే ఆన్‌లైన్ కోర్సును ఉచితంగానే వినొచ్చు. 12 పాఠాలు. ముందు మీరు పూర్తి చేయండి, ఆ తర్వాత సిబ్బందిని ఆఫీసు టైమ్‌లోనే చేయమని చెప్పండి.

నాలుగో అడుగు: గత పన్నెండు నెలల ఖర్చు తీసి చూడండి

చిన్న వ్యాపారం నడిపేవాళ్లు అన్నిటికంటే ఎక్కువ చేయగలిగిన పని ఇదే అని నా అభిప్రాయం. పైప్‌లైన్లు, గనులు మన చేతిలో లేవు. కొనుగోళ్లు మన చేతిలోనే ఉన్నాయి.

మీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఏడాదిలో ఎవరెవరికి ఎంత చెల్లించారో ఒక షీట్‌లోకి దించండి. అద్దె, కరెంటు, జీతాలు పక్కన పెట్టండి. మిగిలిన వాటిలో మార్చడానికి వీలున్నవి గుర్తించండి: క్యాటరింగ్, ప్రింటింగ్, క్లీనింగ్, సేఫ్టీ సామాన్లు, పండగలకు ఇచ్చే గిఫ్టులు, వెబ్‌సైట్ పని, ట్రైనింగ్, ఆఫీసు సరుకులు. ఇప్పుడు వాటిలో ఎన్ని మూలవాసుల సంస్థల దగ్గర కొంటున్నారో చూడండి. మొదటిసారి చూసినప్పుడు చాలామందికి సున్నా వస్తుంది. ఆ సున్నాను అలాగే రాసి పెట్టుకోండి, వచ్చే ఏడాది పోల్చుకోవడానికి అదే కావాలి.

ఎంత పెట్టుకోవాలి? ఫెడరల్ ప్రభుత్వం తన కాంట్రాక్టుల మొత్తం విలువలో కనీసం 5 శాతం మూలవాసుల వ్యాపారాలకు వెళ్లాలని లక్ష్యం పెట్టుకుంది. మీరూ అక్కడ మొదలుపెట్టొచ్చు. మార్చడానికి వీలున్న ఖర్చు ఏడాదికి 2,00,000 డాలర్లు ఉంటే 5 శాతం అంటే 10,000 డాలర్లు. నాలుగైదు క్యాటరింగ్ ఆర్డర్లు, ఏడాది ప్రింటింగ్ కలిపితే దాదాపు అక్కడికి వచ్చేస్తుంది.

ఎక్కడ వెతకాలి అంటే, ఫెడరల్ ప్రభుత్వానికి ఇండిజినస్ బిజినెస్ డైరెక్టరీ ఉంది. కెనడియన్ కౌన్సిల్ ఫర్ ఇండిజినస్ బిజినెస్ తన సభ్యుల వ్యాపారాలను పరిశీలించి సర్టిఫికెట్ ఇస్తుంది. యాజమాన్యంలో కనీసం 51 శాతం మూలవాసులదై ఉండాలి. ఈ సర్టిఫికెట్ చూడటం అవసరమే, ఎందుకంటే పేరుకు ఒక మూలవాసిని ముందు నిలబెట్టి, వెనక లాభమంతా వేరేవాళ్లు తీసుకునే కంపెనీలు కూడా ఉన్నాయి. అనుమానం వస్తే మర్యాదగా అడగండి: పని ఎవరు చేస్తారు, నిర్ణయాలు ఎవరివి? నిజంగా నడిపేవాళ్లు ఈ ప్రశ్నకు చిన్నబుచ్చుకోరు.

సరఫరాదారు దొరికాక డబ్బు త్వరగా చెల్లించండి. ఇది మామూలు మర్యాద అనుకుంటాం గానీ దీని వెనక చట్టపరమైన కారణం ఉంది. ఇండియన్ యాక్ట్ 89వ సెక్షన్ ప్రకారం రిజర్వ్ మీద ఉన్న ఫస్ట్ నేషన్ వ్యక్తి ఆస్తిని బయటివాళ్లు చాలా సందర్భాల్లో తాకట్టుగా తీసుకోలేరు, జప్తు చేయలేరు. భూమి చేజారిపోకుండా పెట్టిన రక్ష అది. కానీ దాని వల్ల ఇల్లు చూపించి బ్యాంకు లోను తెచ్చుకోవడం కష్టమవుతుంది. మనవాళ్లలో చాలామంది ఇంటి మీద తీసుకున్న లోనుతోనే వ్యాపారం మొదలుపెట్టాం. ఆ దారి వాళ్లకు అంత సులువుగా దొరకదు. అందుకే మీ బిల్లు అరవై రోజులు ఆలస్యమైతే వాళ్లు సిబ్బందికి జీతాలు ఇవ్వలేని పరిస్థితి రావచ్చు.

ఇది నేను చేసిన తప్పు నుంచే నేర్చుకున్నాను. మా చిన్న సంస్థలో మొదటిసారి ఒక క్రీ మహిళ నడుపుకునే క్యాటరింగ్‌కు ఆర్డర్ ఇచ్చాం. భోజనం గురించి అందరం గొప్పగా చెప్పుకున్నాం. బిల్లు మాత్రం మా అకౌంట్స్‌లో రెండు నెలలు పడి ఉంది, నేను పట్టించుకోలేదు. మళ్లీ ఆర్డర్ ఇద్దామని ఫోన్ చేస్తే ఆమె ఎంతో మర్యాదగా వద్దన్నారు. ఆ రోజు నుంచి చిన్న సరఫరాదారులకు సగం ముందుగా, మిగతాది పదిహేను రోజుల్లోపు ఇచ్చే నియమం పెట్టాం. ఇన్వాయిస్ వచ్చిన రోజే నా ఫోన్లో అలారం పెట్టుకుంటాను.

పెద్ద ఆర్డర్ ఒకేసారి ఇచ్చి చేయలేకపోయారని అనడం కూడా చూశాను. 500 మందికి వంట అడిగేముందు 40 మందికి అడగండి. కాంట్రాక్టును ముక్కలు చేయండి. ఇన్సూరెన్స్ ఇంత ఉండాలి, ఐదేళ్ల అనుభవం ఉండాలి లాంటి షరతులు ఆ పనికి నిజంగా అవసరమా అని ఒకసారి చూసుకోండి.

ఆరెంజ్ షర్టులు కొనాలనుకున్నా ఇదే పద్ధతి. డిజైన్ ఎవరిది, డబ్బు ఎవరికి వెళుతుంది అని చూసి కొనండి. ఇన్యూట్ శిల్పం బహుమతిగా ఇవ్వాలనుకుంటే ఇగ్లూ ట్యాగ్ ఉందో లేదో చూడండి. అసలు ఇన్యూట్ కళకు గుర్తుగా 1958 నుంచి ఆ ట్యాగ్ వాడుకలో ఉంది.

ఐదో అడుగు: ఉద్యోగం ఇచ్చాక మనిషి నిలబడేలా చూడండి

"మాకు అప్లికేషన్లు రావట్లేదు" అనేవాళ్లకు ఒక ప్రశ్న: మీరు ప్రకటన ఎక్కడ వేశారు? ఊళ్లలో ఫ్రెండ్‌షిప్ సెంటర్లు ఉంటాయి. పల్లెలు వదిలి నగరానికి వచ్చిన మూలవాసులకు తోడుగా నిలిచే సంస్థలివి, దేశమంతటా వంద పైనే ఉన్నాయి. వెళ్లి పరిచయం చేసుకోండి. ఫెడరల్ నిధులతో మూలవాసుల సంస్థలే నడిపే ఉద్యోగ శిక్షణ కార్యక్రమాలు కూడా ఉన్నాయి, వాళ్లకు మీ ఖాళీలు పంపండి. "కెనడియన్ అనుభవం" అడిగి మనల్ని తిప్పిపంపినప్పుడు మనకెంత మండిందో గుర్తుంది కదా. అదే పని మనం డిగ్రీ పేరుతో ఇంకొకరికి చేయకూడదు. పనికి అవసరం లేని అర్హత ఏదున్నా తీసేయండి.

చేరిన తర్వాత జరిగే అన్యాయం ఇంకొకటి ఉంది. ఆఫీసులో ఒకే ఒక్క మూలవాసి ఉంటే కమిటీ వాళ్లతోనే పెట్టిస్తారు, ప్రసంగం వాళ్లతోనే చేయిస్తారు, చరిత్ర పాఠం కూడా వాళ్లనే చెప్పమంటారు. వాళ్లు అకౌంటెంట్‌గా చేరితే అకౌంటెంట్‌గానే ఉండనివ్వండి. ఇష్టపడి అదనపు పని తీసుకుంటే దానికి డబ్బు ఇవ్వండి. సెప్టెంబర్ 30న ఎవరికైనా బాధగా ఉండి సెలవు కావాలంటే కారణం అడక్కుండా ఇవ్వండి. దగ్గరివాళ్లు చనిపోయినప్పుడు ఇచ్చే సెలవులో పిన్ని, బాబాయి, మేనమామ, ఊరి పెద్దలు కూడా లెక్కలోకి వచ్చేలా పాలసీ మార్చండి. ఈ మాట మన కుటుంబాల్లో ఎవరికీ వివరించి చెప్పనక్కర్లేదు.

ఆరో అడుగు: మీ పని వాళ్ల భూమిని, సంస్కృతిని, సమాచారాన్ని తాకితే

నిర్మాణం, సోలార్, రవాణా, అడవి, నీళ్లు లాంటి రంగాల్లో ఉన్నవాళ్లకు ఈ భాగం ప్రాణం. 2004లో హైడా నేషన్ కేసులో కెనడా సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: మూలవాసుల హక్కులకు దెబ్బ తగిలే అవకాశం ఉన్న నిర్ణయం తీసుకునే ముందు ప్రభుత్వం వాళ్లను సంప్రదించి తీరాలి. చట్టప్రకారం ఆ బాధ్యత ప్రభుత్వానిది. కానీ ప్రభుత్వం దాన్ని సరిగ్గా చేయకపోతే దెబ్బ ప్రాజెక్టుకే తగులుతుందని 2018 ఆగస్టులో చూశాం. ట్రాన్స్ మౌంటెన్ పైప్‌లైన్ విస్తరణకు ఇచ్చిన అనుమతిని ఫెడరల్ అప్పీల్ కోర్టు కొట్టేసింది. కోర్టు చూపిన కారణాల్లో ఒకటి, సంప్రదింపులకు వెళ్లిన ప్రభుత్వ ప్రతినిధులు ఎక్కువగా నోట్స్ రాసుకోవడం వరకే ఆగిపోయారని. అడిగినవాటికి జవాబు లేదు, ప్లాన్‌లో మార్పు లేదు. మీ మీటింగును కూడా ఈ కొలతతోనే కొలవండి: వాళ్లు చెప్పినదాని వల్ల మీ ప్లాన్‌లో ఏ ఒక్క గీతైనా మారిందా?

2021లో కెనడా ఐక్యరాజ్యసమితి మూలవాసుల హక్కుల ప్రకటనను అమలు చేసే చట్టం చేసింది. 2007లో ఆ ప్రకటనకు వ్యతిరేకంగా ఓటేసిన నాలుగు దేశాల్లో కెనడా ఒకటి, కాబట్టి ఇది చిన్న మార్పు కాదు. ముందస్తు సమ్మతి అనేది ఆ ప్రకటనలోని మాటే. సమ్మతి అడుగుతున్నామంటే వద్దు అనే జవాబుకు కూడా మనం సిద్ధంగా ఉండాలి. స్థలం మార్చడానికి, ఆలస్యం కావడానికి, అవసరమైతే మానుకోవడానికి బడ్జెట్‌లో వీలు ఉంచుకుని అడగండి. యంత్రాలు అద్దెకు తెచ్చుకుని, తేదీ ఖరారు చేసుకుని వెళ్లి అడిగితే ఎదుటివాళ్లకు ఇట్టే అర్థమైపోతుంది.

ఎవరిని అడగాలి అనేది కూడా తేలిక ప్రశ్న కాదు. ఇండియన్ యాక్ట్ కింద ఎన్నికైన బ్యాండ్ కౌన్సిల్ ఉంటుంది. చాలాచోట్ల దానికంటే ఎంతో ముందునుంచీ ఉన్న వంశపారంపర్య పెద్దలూ ఉంటారు. 1997లో భూమి హక్కుల మీద సుప్రీంకోర్టు పెద్ద తీర్పు ఇచ్చిన డెల్గామూక్ కేసు వేసింది గిట్‌క్సాన్, వెట్సువెటెన్ వంశపారంపర్య పెద్దలే. 2020లో కోస్టల్ గ్యాస్‌లింక్ పైప్‌లైన్ గొడవకు మూలం కూడా ఇక్కడే ఉంది. దారి పొడవునా ఎన్నికైన కౌన్సిళ్లు ఒప్పందాల మీద సంతకాలు చేశాయి, వెట్సువెటెన్ వంశపారంపర్య పెద్దలు వద్దన్నారు. ఆ పెద్దలకు మద్దతుగా పట్టాల మీద నిరసనలు జరిగి దేశమంతా రైళ్లు ఆగాయి. అందుకే ఒక సంతకం దొరికిందని సంబరపడొద్దు. "ఈ విషయంలో మేం ఇంకా ఎవరితో మాట్లాడాలి?" అని వాళ్లనే అడగండి.

ఐటీలో ఉన్నవాళ్లు ఇదంతా మనకెందుకు అనుకోవద్దు. ఫస్ట్ నేషన్స్ సమాచారం విషయంలో ఓక్యాప్ అనే నాలుగు సూత్రాలున్నాయి: సమాచారం వాళ్ల సొంతం, దాని మీద అదుపు వాళ్లది, చూసే హక్కు వాళ్లది, దాచుకునేదీ వాళ్లే. ఆరోగ్య యాప్ తయారు చేస్తున్నా, భాషా రికార్డింగులతో పనిచేస్తున్నా కాంట్రాక్టు రాయకముందే ఈ సూత్రాలు చదవండి. సర్వర్ ఎక్కడ ఉంటుంది, ప్రాజెక్టు అయిపోయాక కాపీలు ఎవరి దగ్గర ఉంటాయి అన్నవి ముందే తేల్చుకోవాలి.

ఏడో అడుగు: మొదటిసారి కలవడానికి వెళ్తున్నప్పుడు

అవసరం పడకముందే వెళ్లండి. ఏమీ అడగని మొదటి మీటింగు తర్వాత జరిగే పది మీటింగులకు పునాది. పౌవౌ లాంటి బహిరంగ వేడుకలకు, జూన్ 21న జరిగే జాతీయ మూలవాసుల దినోత్సవానికి కుటుంబంతో వెళ్లి కూర్చోండి. కార్డులు పంచకండి.

పెద్దలను ప్రారంభ ప్రార్థనకో, మాట్లాడటానికో పిలిస్తే గౌరవ పారితోషికం ముందే సిద్ధం చేసుకుని ఆ రోజే ఇవ్వండి, రానూపోనూ ఏర్పాట్లు మీరే చూడండి. చాలా ఫస్ట్ నేషన్స్‌లో పెద్దలను ఏదైనా అడిగేటప్పుడు పొగాకు సమర్పించడం ఆచారం, కానీ అందరిలో కాదు. ఇన్యూట్ పెద్దలకు అది వాళ్ల పద్ధతి కాదు. తెలియకపోతే ముందే ఆ నేషన్ ఆఫీసుకు ఫోన్ చేసి ఆచారం ఏమిటని అడగండి. సంతోషంగా చెబుతారు. మీటింగులో ఎవరైనా మాట్లాడుతూ చాలాసేపు ఆగితే అది ముగిసిందని అనుకుని మీరు అందుకోకండి. మనకు గబగబా మాట్లాడే అలవాటు ఎక్కువ, ఇక్కడ దాన్ని తగ్గించుకోవాలి.

చనిపోయినవారి సంతాపం, వేట కాలం, చేపలు పట్టే కాలం వచ్చాయంటే ఆఫీసు మూసి ఉండొచ్చు. మీ డెడ్‌లైన్ వాళ్ల క్యాలెండర్ చూసి పెట్టుకోండి. ఇంకో మాట: చిన్న ఫస్ట్ నేషన్ ఆఫీసులో ఇద్దరు ముగ్గురే ఉద్యోగులు ఉంటారు, వాళ్ల బల్ల మీదకు కంపెనీల ఉత్తరాలు కుప్పలుగా వస్తాయి. మీ ప్రతిపాదన చదవడానికి వాళ్లకు నిపుణులు కావాలంటే ఆ ఖర్చు భరించడానికి ముందుకు రండి. అదీ ఏ షరతూ లేకుండా.

ఎనిమిదో అడుగు: భూమి గురించి ఆ నాలుగు మాటలు

మీటింగు మొదట్లో "మేం ఫలానా నేషన్ నేల మీద ఉన్నాం" అని చదివే ల్యాండ్ అక్‌నాలెడ్జ్‌మెంట్‌ను చాలామంది మొట్టమొదట చేస్తారు. నేను కావాలనే చివర్లో పెట్టాను. పై పనులేవీ మొదలుకాకుండా చదివితే అది విన్నవాళ్లకు గుచ్చుకుంటుంది. చదివేటప్పుడు పేర్లు ఎలా పలకాలో ఆ నేషన్ వాళ్ల రికార్డింగులు విని ముందే సాధన చేయండి. మన పేర్లను ముక్కలు చేసి పిలిస్తే ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఇంటర్నెట్‌లో దొరికిన పేరా చదవకుండా మీ సొంత మాటల్లో చెప్పండి: ఎప్పుడు ఈ నేల మీదికి వచ్చారు, ఇక్కడ ఏం సంపాదించుకున్నారు, ఈ ఏడాది మీ సంస్థ ఏం చేస్తోంది. చివరి భాగంలో చెప్పడానికి ఏమీ లేకపోతే నాలుగో అడుగుకు వెనక్కి వెళ్లండి.

కాగితం మీద పెట్టేటప్పుడు

ఒక పేజీ చాలు. నాలుగు అంకెలు, వాటి పక్కన మనిషి పేరు, తేదీ: మూలవాసుల సంస్థల దగ్గర ఎంత కొన్నాం, బిల్లు సగటున ఎన్ని రోజుల్లో చెల్లించాం, ఎంతమందిని తీసుకున్నాం, ఏడాది తర్వాత వాళ్లలో ఎంతమంది ఉన్నారు. చివరి అంకె తగ్గితే వెళ్లిపోయినవాళ్లతో మాట్లాడండి, నిజం చెప్పినందుకు వాళ్ల రిఫరెన్స్ దెబ్బతినదని ముందే హామీ ఇవ్వండి. సంస్థ కాస్త పెద్దదైతే కెనడియన్ కౌన్సిల్ ఫర్ ఇండిజినస్ బిజినెస్ నడిపే గుర్తింపు కార్యక్రమంలో చేరొచ్చు. అది 2001 నుంచి ఉంది, బయటివాళ్లు వచ్చి మీరు రాసింది నిజమో కాదో పరిశీలిస్తారు.

ఎక్కడో ఒకచోట తప్పు జరుగుతుంది. పేరు తప్పు పలుకుతారు, అడగాల్సినవాళ్లను అడగరు, బిల్లు మర్చిపోతారు. అప్పుడు పొడవైన వివరణ ఇవ్వకండి. "తప్పు చేశాం, క్షమించండి, ఫలానా తేదీలోపు ఇది సరిచేస్తాం" అని చెప్పి, ఆ తేదీలోపు సరిచేయండి. నేను ఆ క్యాటరింగ్ ఆమెకు అలాగే ఉత్తరం రాశాను, కొత్త చెల్లింపు నియమం కాపీ జత చేశాను. జవాబు రావడానికి ఐదు నెలలు పట్టింది. ఆర్డర్‌కు ఒప్పుకున్నారు, మొత్తం డబ్బు ముందే ఇవ్వాలన్నారు. అదే రోజు పంపించాను.